కర్టెన్ల అమ్మమ్మ

ఆ ఇంట్లో ఇప్పటికీ ఎవరి చొక్కా అయినా మేకుకి తగులుకుని పర్రుమంటే, చిరుగు ఎంతుందో చూసుకోకముందే నోట్లోంచి "అమ్మమ్మా!" అని కేక వచ్చేస్తుంది. ఆవిడ పోయి ఏళ్ళు గడిచాయి. కేక వేసినవాళ్ళు నాలిక్కరుచుకుంటారు. పక్కగదిలోంచి ఇంకెవరో "ఏం చించుకున్నావురా, వస్తున్నా ఉండు" అని అచ్చం ఆవిడ గొంతుతో వెక్కిరిస్తారు. ఇక ఇల్లంతా నవ్వులే.

ఆవిడ పని కర్టెన్లు కుట్టడం. పెద్ద బజారులో కర్టెన్ల షాపు ఉండేది. ముందు గదిలో తానులు, వెనక గదిలో కుట్టుమిషన్లు. ఊళ్ళో కిటికీలన్నిటికీ అందం తెచ్చిపెట్టే ఆ వెనక గదికి మాత్రం కిటికీ లేదు. "ఉంటే బయటికి చూస్తూ కూర్చుంటానని కట్టలేదు లెండి" అనేది అమ్మమ్మ. అల్లుడికి పోస్టాఫీసులో ఉత్తరాల మీద ముద్ర గుద్దే ఉద్యోగం. కొడుకు గోడలకి రంగులు వేసేవాడు. కూతురు ఇల్లు చూసుకునేది. ఈ ముగ్గురితోపాటు మనవరాలు పిట్ట. బారసాల నాడు పెట్టిన పేరు ఏదో ఉంది గానీ, పుట్టినప్పుడు గుప్పెడంత ఉందని అమ్మమ్మ పిట్ట అంది, ఊరంతా పిట్ట అంది, పిట్ట కూడా పిట్టే అనుకుంది.

షాపులో తాను చివర మిగిలిన ముక్కలూ, రంగు తేడా వచ్చి వెనక్కొచ్చిన గుడ్డా ఒక మూల పోగుపడేవి. "పట్టుకెళ్ళమ్మా, ఇక్కడుంటే ఎలకలు తింటాయి" అనేవాడు షాపాయన. అమ్మమ్మ ఎలకలకి ఒక్క దారప్పోగు కూడా దక్కనివ్వలేదు. అవన్నీ ఇంట్లోవాళ్ళకి చొక్కాలూ ప్యాంట్లూ గౌన్లూ అయిపోయేవి. కర్టెన్ గుడ్డ గొప్పదనం ఏమిటంటే, ఎండకి వెలవదు, ఉతుకుడికి చిరగదు, లోపలున్న మనిషికి గాలాడదు. అల్లుడు వేసవిలో ముద్రలు గుద్దుతుంటే చెమట కారి, ఉత్తరాల మీద చిరునామాలు తడిసిపోయేవని చెప్పుకునేవారు. ఆయన మాత్రం అత్తగారి ముందు ఎప్పుడూ "చల్లగా ఉంది అత్తయ్యా, గుడిసెలో ఉన్నట్టుంది" అనేవాడు.

ఆ కుటుంబం బజారులో నడిచి వెళ్తుంటే ఒక ఆట ఉండేది. లైబ్రరీ కిటికీకి పిట్ట వాళ్ళమ్మ జాకెట్టు వేలాడుతూ కనిపించేది. సినిమా హాలు గుమ్మానికి మామయ్య ప్యాంటు. పళ్ళ డాక్టరు గదిలో నాలుగు గోడలకీ నాన్న చొక్కా. ఒకసారి నాన్నకి పన్ను సలిపి, అదే చొక్కాతో అక్కడికి వెళ్ళి, కర్టెన్ పక్కన కుర్చీలో ఒదిగి కూర్చున్నాడు. నర్సు తలుపు తీసి అటూ ఇటూ చూసి "ఇంకెవరూ లేరు డాక్టర్" అని తలుపేసేసింది.

"మరి ఉన్నానని చెప్పొద్దూ?" అంది అమ్మ.

"వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు" అన్నాడు నాన్న, బుగ్గ పట్టుకుని, పరమ సంతోషంగా.

అమ్మమ్మ షాపులో టేపు పట్టేది గానీ ఇంట్లోవాళ్ళకి మాత్రం టేపు పెట్టేది కాదు. "రా, కొలత తీసుకుంటా" అని రెండు చేతులూ చాపేది. దగ్గరికి లాక్కుని, చుట్టూ చేతులు వేసి, వీపు మీద జానలు పెట్టి కొలిచేది. "అబ్బో, పోయినసారికంటే రెండు వేళ్ళు పెరిగావే" అని, వదలకుండా ఇంకోసారి సరిచూసుకునేది. కొలత తప్పడం ఎరగని మనిషి ఇంట్లోవాళ్ళ దగ్గర మాత్రం రెండోసారి, మూడోసారి కొలిచేది. కొడుకు స్నేహితులు, పెళ్ళై పిల్లలున్నవాళ్ళు కూడా, ఊరికే వచ్చి "నన్నోసారి కొలవండి పిన్నీ" అని నిలబడేవారట. చొక్కా కోసం కాదని వాళ్ళకీ తెలుసు, ఆవిడకీ తెలుసు.

ఇంకో అలవాటు, లోపలి జేబు. ఏది కుట్టినా ఎడమవైపు లోపల ఒక చిన్న జేబు పెట్టేది. బయటికి కనపడదు. నాన్న కళ్ళజోడు అందులోనే, అమ్మ తాళంచెవి అందులోనే. పిట్ట స్కూలు గౌను జేబులో మాత్రం రోజూ ఒక బిళ్ళ చాక్లెట్టు ఉండేది, ఎప్పుడు పెట్టేదో ఎవరికీ తెలీదు.

పిట్టకి ఈ బట్టలంటే సిగ్గు ఎక్కడ మొదలైందో చెప్పాలి. స్కూలు వార్షికోత్సవానికి స్టేజీ మీద వేసే పెద్ద తెర అమ్మమ్మే కుట్టింది. మెరూన్ రంగు, బంగారపు అంచు. మిగిలిన గుడ్డతో ఏమైందో ఈపాటికి మీకు తెలిసే ఉంటుంది. పద్యం చెప్పడానికి పిట్ట ఆ తెర ముందుకి వచ్చి నిలబడింది. ముందు వరసలో ఒక పిల్లాడు లేచి "అమ్మోయ్, తెరకి తలకాయ వచ్చింది!" అని అరిచాడు. హాలంతా ఘొల్లుమంది. పిట్ట పద్యం మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. వెనక వరసలోంచి మాత్రం ఒక్కరే చప్పట్లు కొడుతున్నారు. "భలే ఉంది! తెరా బాగుంది, పిల్లా బాగుంది!" అని అమ్మమ్మ.

ఆ రాత్రికి అన్నం తినకుండా పిట్ట మనసులో ఒక ఒట్టు పెట్టుకుంది.

చదువయ్యాక కళ్ళజోళ్ళ షాపులో ఉద్యోగం రాగానే ఆ ఒట్టు నిలబెట్టుకుంది. కొన్న బట్టలు తెచ్చి షాపులోనే దాచుకునేది. ఇంటినుంచి అమ్మమ్మ కుట్టిన గౌనుతో బయల్దేరడం, షాపు వెనక గదిలో మార్చుకోవడం, సాయంత్రం మళ్ళీ మార్చుకుని రావడం. ఎవరికీ తెలీదనుకుంది. కొన్నాళ్ళకి ఉతకడానికని రహస్యంగా ఇంటికి తెచ్చిన రెడీమేడ్ చొక్కాకి, మర్నాడు చూస్తే, ఊడిపోవడానికి సిద్ధంగా ఉన్న గుండీలన్నీ గట్టిగా కుట్టి ఉన్నాయి. ఎడమవైపు లోపల ఒక జేబు కూడా మొలిచింది.

ఆ షాపున్న భవనంలో లిఫ్టు మాటిమాటికీ ఆగిపోయేది. బాగుచేయడానికి ఒక మెకానిక్ వచ్చేవాడు. లిఫ్టు బాగైన తర్వాత కూడా వస్తున్నాడని షాపులో అందరూ గమనించాక, ఇక ఇంట్లో చెప్పక తప్పలేదు. నాన్న అతనికి లిఫ్టబ్బాయి అని పేరు పెట్టాడు. మామయ్య "పైకి తీసుకెళ్తాడో, కిందికి దింపుతాడో చూడాలి" అన్నాడు. అందరికీ నచ్చాడు. చిక్కల్లా వాళ్ళమ్మతో. ఆవిడ పెద్ద స్కూలుకి హెడ్మాస్టరమ్మ. ఇస్త్రీ మడత చెదరని మనిషనీ, ఆవిడ వరండాలో నడిస్తే పిచ్చుకలు కూడా వరసలో కూర్చుంటాయనీ చెప్పుకునేవారు. ఆవిడ కొడుకుతో కలిసి ఆదివారం సాయంత్రం పిల్లని చూడటానికి ఇంటికి వస్తానంది. ఆవిడ ఊఁ అంటేనే పెళ్ళి. ఇది లిఫ్టబ్బాయి ముందే చెప్పేశాడు.

పిట్టకి నిద్ర పట్టలేదు. మళ్ళీ ఆ హాలూ, ఆ నవ్వులూ కళ్ళ ముందు. శనివారం పొద్దున్నే కుట్టుమిషన్ దగ్గరికి వెళ్ళి నిలబడింది.

"అమ్మమ్మా, రేపొక్క పూటా..."

"చెప్పవే."

"అందరం కొన్న బట్టలు వేసుకుందామా? నేను తెస్తాను."

మిషన్ చక్రం ఆగింది. "మంచిదేగా. మరి నాకు కొన్నవి పడవే. వాటిల్లో చేతులు పైకి లేవవు."

"నీకు వదులుగా ఉన్నవి చూస్తాలే."

"వద్దులే. నేను పక్కింటావిడ దగ్గర కూర్చుంటా. వాళ్ళు వెళ్ళాక వస్తా. అసలు వాళ్ళకి నేనున్నానని చెప్పావా?"

"ఇంకా... చెప్పలేదు."

"అయితే మరీ తేలిక" అని నవ్వి, అమ్మమ్మ మళ్ళీ చక్రం తిప్పింది.

పిట్ట వెళ్ళమని అనలేదు. ఉండమనీ అనలేదు.

ఆదివారం సాయంత్రానికి ఆ ఇంటివాళ్ళు ఒకర్నొకరు గుర్తుపట్టలేనట్టు తయారయ్యారు. మామయ్య ప్యాంటు బిగుతై, కూర్చోవడానికి భయపడి గోడకి ఆనుకుని నిలబడ్డాడు. అమ్మ చేతుల్ని ఒంటికి దూరంగా పెట్టుకుని నడుస్తోంది. నాన్న మెడ కాలరులో ఇరుక్కుని, తల తిప్పాలంటే మనిషంతా తిరగాల్సి వస్తోంది. హాల్లో కిటికీకి ఆకుపచ్చ ఆకుల కర్టెన్ మాత్రం ఎప్పట్లాగే హాయిగా వేలాడుతోంది.

వాళ్ళు వచ్చారు. హెడ్మాస్టరమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది. పక్కనే లిఫ్టబ్బాయి, తప్పు చేసి పట్టుబడిన పిల్లాడిలా.

"మీ వారు రాలేదేమండీ?" అని అడిగింది అమ్మ.

"ఆయనకి వీలుపడలేదు" అంది హెడ్మాస్టరమ్మ, టీ కప్పు వైపు చూస్తూ.

నాన్న లిఫ్టబ్బాయి జీతం అడగబోయి, అమ్మ కన్నెర్రజేస్తే ఆగిపోయి, వాతావరణం గురించి మొదలుపెట్టాడు. మధ్యలో కళ్ళజోడు తీద్దామని అలవాటుగా చొక్కా లోపలికి చెయ్యి పెట్టాడు. జేబు లేదు. ఇంకాస్త లోపలికి పెట్టాడు. లేదు. అటువైపుందేమోనని రెండో చెయ్యి కూడా పెట్టాడు.

"ఏమైనా కుట్టిందాండీ?" అంది హెడ్మాస్టరమ్మ.

"లేదండీ, ఇదే కుట్టలేదు" అన్నాడు నాన్న దిగులుగా. మామయ్య దగ్గు నటించాడు.

హెడ్మాస్టరమ్మ కప్పు కింద పెట్టి, కిటికీ వైపు చూసింది. "గాలి ఆడటం లేదు, కాస్త తలుపు తీస్తాను" అని తనే లేచి బాల్కనీ తలుపు గడియ లాగింది. గడియ కొస ఆవిడ జాకెట్టు చేతికి తగులుకుంది. పర్రుమని భుజం నుంచి మోచేతిదాకా చిరిగింది.

ఆ వెంటనే అమ్మా, నాన్నా, మామయ్యా, పిట్టా, నలుగురూ ఒక్క గొంతుతో "అమ్మమ్మా!" అని కేకేశారు. సొంత తల్లినీ, అత్తనీ కూడా ఆ సమయంలో అందరూ అమ్మమ్మా అనే పిలుస్తారు ఆ ఇంట్లో.

"ఆఁ, ఏం చించుకున్నారు, వస్తున్నా ఉండండి" అంది కిటికీ కర్టెన్.

అని, కర్టెన్‌లో సగభాగం విడివడి, చెప్పులు వేసుకుని, ముందుకి నడిచి వచ్చింది.

హెడ్మాస్టరమ్మ కెవ్వుమని కొడుకు చొక్కా పట్టుకుంది. లిఫ్టబ్బాయి తల్లి చెయ్యి పట్టుకున్నాడు. అమ్మమ్మ ఒంటి మీద ఆకుపచ్చ ఆకుల అంగీ, కిటికీకి అదే గుడ్డ. పక్కింటావిడ తాళం పెట్టి ఊరెళ్ళిపోయిందట. తిరిగొచ్చేసరికి మెట్ల మీద చుట్టాల అడుగుల చప్పుడు వినిపించిందట. ఇక దాక్కోవడానికి వేరే చోటు లేక, ఎవరి కంటా పడకుండా కర్టెన్ మడతల్లో ఊపిరి బిగబట్టి నిలబడిపోయింది. నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే ఉండేది కూడా. ఇంతలో చిరుగు మోత వినపడింది. ఆ మోత వినీ ఊరుకోవడం ఆవిడ వల్ల కాలేదు.

"భయపడకమ్మా, మనిషినే" అంటూ అమ్మమ్మ కాలరుకి గుచ్చుకున్న సూది తీసింది. "విప్పక్కర్లేదు, ఒంటి మీదే కుట్టేస్తా. కదలకు. కదిలితే నిన్నూ జాకెట్టునీ కలిపి కుట్టేస్తా."

హెడ్మాస్టరమ్మ జీవితంలో మొదటిసారి ఇంకొకరు చెప్పినట్టు కదలకుండా నిలబడింది. "మీరు... ఈ ఇంట్లో..."

"ఈ పిల్లకి అమ్మమ్మనమ్మా. నన్ను కూర్చోమని ఎంత బతిమాలారో. నాకే మొహమాటం. కొత్తవాళ్ళంటే బెరుకు" అంది అమ్మమ్మ. ఊళ్ళో ప్రతి ఇంట్లోకీ వెళ్ళి కిటికీలు కొలిచొచ్చే మనిషి!

పిట్ట ఆ చేతివేళ్ళకేసి చూసింది. దారం ముడి వేసి, చిరుగుని దగ్గరికి చేర్చి, చకచకా కుడుతున్నాయి. అవే వేళ్ళు అబద్ధాన్ని కూడా అతుకు కనపడకుండా కుట్టేస్తున్నాయి. ఊరుకుంటే చాలు, ఈ గండం గడిచిపోతుంది. ఊరుకుంటే చాలు.

"కాదండీ" అంది పిట్ట. "అమ్మమ్మకి మొహమాటమేమీ లేదు. ఇదంతా నేనే చేశాను. మేమందరం కర్టెన్ గుడ్డలతో కుట్టిన బట్టలే వేసుకుంటాం. మీరు నవ్వుతారని, ఇవాళ అందరికీ ఇవి తొడిగాను. అమ్మమ్మని ఉండమని అడగలేదు. అడగాల్సింది."

నాన్న బరువుగా నిట్టూర్చి, మొదటి గుండీ తీసేశాడు. మెడ బయటికొచ్చింది.

హెడ్మాస్టరమ్మ ముఖం ఎర్రబడింది. ఇంతలో లిఫ్టబ్బాయి నసిగాడు. "అమ్మా, మరి... నాన్న సంగతి?"

"ఆ సంగతి ఇప్పుడెందుకురా!"

"ఏం సంగతి?" అంది అమ్మమ్మ, దారం పళ్ళతో కొరికి.

లిఫ్టబ్బాయి నేల చూపులు చూశాడు. "మా నాన్న కింద బస్టాపులో కూర్చున్నాడండీ. బాయిలర్ దగ్గర పనిచేసీ పనిచేసీ చెవులు మొద్దుబారాయి. గుసగుసలాడినా వీధి చివరికి వినిపిస్తుంది. పోయినసారి చుట్టాలింట్లో అమ్మ చెవిలో 'టీ బాలేదు, తాగకు' అన్నాడు. ఇంటివాళ్ళతోపాటు పైమేడ వాళ్ళు కూడా కప్పులు పెట్టేశారు. అందుకని అమ్మ..."

"చాలించరా" అంది హెడ్మాస్టరమ్మ, సన్నగా. ఇస్త్రీ మడతలన్నీ ఒక్కసారిగా చెదిరిపోయినట్టుంది ఆవిడ. "అమ్మాయ్, నిన్ను ఏమనడానికి నాకు మొహం ఎక్కడుంది?"

మామయ్య ఇక ఆపుకోలేక పకపకా నవ్వాడు. ఎక్కడో ప్యాంటు టప్పుమంది. ఈసారి ఎవరూ కేక వెయ్యలేదు, ఎందుకంటే అమ్మమ్మ అప్పటికే మెట్లు దిగుతోంది. "ఎండలో కూర్చోబెడతారా మనిషిని! బుద్ధుందా ఒక్కరికైనా?" అని ఆవిడ గొంతు కిందినుంచి వినిపించింది.

పిలుచుకొస్తుందని అందరూ చూశారు. ఎంతకీ రాలేదు. కాసేపటికి వీధిలోంచి ఉరుము లాంటి నవ్వు ఒకటీ, దాని మీద అమ్మమ్మ నవ్వు ఒకటీ వినిపించాయి. ఇక ఆగలేక కొన్న బట్టలవాళ్ళందరూ, చిరుగు కుట్టించుకున్న హెడ్మాస్టరమ్మా, పరుగు పరుగున దిగి బస్టాపుకి వెళ్ళారు. బెంచీ మీద భారీ మనిషి ఒకాయన కూర్చుని ఉన్నాడు. అమ్మమ్మ ఆయన చొక్కా గుండీ బిగిస్తోంది.

"ఈవిడెవరో చాలా మంచావిడే!" అని ఆయన భార్యకి రహస్యంగా చెప్పాడు. ఎదురుగా చెట్టు మీద కాకులు లేచిపోయాయి. "అమ్మమ్మట! నన్ను కూడా కావలించుకుని కొలిచింది! పిల్ల ఎలా ఉన్నా ఫరవాలేదు, ఒప్పేసుకో!"

"నెమ్మదిగా మాట్లాడండి" అంది హెడ్మాస్టరమ్మ. అని, పిట్ట వైపు తిరిగి, జీవితంలో ఏ పిల్లకీ వెయ్యనన్ని మార్కులు వేసేటట్టు చూసి, "ఒప్పుకున్నాను" అంది.

"ఏమిటీ?"

"ఒప్పుకున్నానండీ!" అని హెడ్మాస్టరమ్మ వరండాలు దద్దరిల్లే గొంతు తీసింది.

అదే సమయానికి బస్సు వచ్చి ఆగింది. ఇంతమంది జనం బస్టాపులో ఉంటే ఆగకేం చేస్తుంది? "ఎక్కుతారా లేదా?" అన్నాడు కండక్టరు, తలుపు కొడుతూ.

"ఎక్కం!" అన్నాడు పెద్దాయన. "మేం వియ్యంకులం! ఇప్పుడే అయ్యాం!"

ఆ మాట బస్సులో వెనక సీటుదాకా వెళ్ళింది, వీధి మలుపుదాకా వెళ్ళింది, మందుల షాపులో బేరం ఆగింది. ఇక ఎవరు వద్దన్నా ఆ పెళ్ళి ఆగేది కాదు. కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. ఒకావిడ వంగి, "పెళ్ళికూతురెవరమ్మా?" అని అడిగింది.

అంతమంది కళ్ళు తన మీద పడేసరికి పిట్ట చెవులు వేడెక్కాయి. పక్కకి చూసింది. ఆకుపచ్చ ఆకుల అంగీలో అమ్మమ్మ, నోట్లో సూది పెట్టుకుని, నవ్వు ఆపుకుంటోంది. పిట్ట ఆవిడ చెయ్యి పట్టుకుని ముందుకి లాగింది.

"నేనేనండీ. ఈవిడ మా అమ్మమ్మ. కర్టెన్లు కుడుతుంది."

"నిజంగా? మా కొత్తింటికి కుట్టాలి, ఎవరూ దొరకడం లేదు!" అంది బస్సులో ఆవిడ. కండక్టరు ఈల వేశాడు. బస్సు కదిలింది. అమ్మమ్మ నోట్లోంచి సూది తీసి, బస్సు పక్కనే గబగబా నడుస్తూ అడిగింది.

"కిటికీలు తూర్పు వైపా, పడమరా? ఎండ బాగా పడుతుందామ్మా?"